మంచివాళ్ళు కాసే చెర

కాకోలదుర్గం అందమైన కోట. ఆ మాట ముందే ఒప్పేసుకోవాలి. నల్లరాతి కొండ నెత్తిన అంతస్తుల మీద అంతస్తులుగా బురుజులు, ప్రతి బురుజుకీ పగడపు కలశం, ప్రాకారం చుట్టూ పొగలు కక్కే మడుగు. పొద్దుటి ఎండ ఆ పొగలో పడి విరిగి, గోడల నిండా నెమలి పింఛాలు పరిచినట్టు రంగులాడుతుంది. దూరం నుంచి చూసినవాడు దేవతల ఊరనుకుంటాడు. దగ్గరికొచ్చినవాడికి ముందు వాసన తగులుతుంది. ఆ మడుగులో ఉడికేవి తామరదుంపలు కావు, మనుషులు.

ఆ పొద్దున కోటవాకిట కొలువు కోసం వచ్చినవాళ్ళు బారుగా నిలబడి ఉన్నారు. బారు చివర ఇద్దరు మల్లద్వీపపు బాడుగ సైనికులు. ఎర్రగడ్డాలు, చెవులకు ఇత్తడి పోగులు, భుజాన గొంగళ్ళు. గడ్డాలు మైనంతో అతికించినవి. చిన్నవాడి అసలు పేరు మాచన. తూర్పుతీరాన తెల్లకయ్యల్లో ఉప్పు పండించే ఇంట పుట్టాడు. పెద్దవాడు అతని మేనమామ బేతయ్య. ఆ నేలమీద బేతయ్య కత్తికి ఎదురు నిలిచినవాడు లేడు. ఆయన మాట తప్పగా చూసినవాడూ లేడు.

వాళ్ళు కొలువు కోసం రాలేదు. మాచన అక్క సూరమ ఈ కోట చెరలో ఉంది. రాజుని చంపి గద్దెనెక్కిన మాంత్రికుడు ఉగ్రశల్యుడు కయ్యల మీద వెట్టి వేస్తే, సూరమ ఊరంతటినీ కూడగట్టి, కయ్యలకి నీరు పెట్టే మడవలు తెంచి, ఒక్క బండి ఉప్పు కూడా కోటకి పోనివ్వలేదు. ఆ నేరానికి ఆమెను ఇవాళ పొద్దు వాలే వేళకి ఆ మడుగులో వేస్తారు. ఈలోగా లోపలికి పోవాలి, ఆమెను తేవాలి. ఉన్న దారి ఒక్కటే. ఆ పాపిష్టి కోటకే కావలివాళ్ళుగా చేరడం.

"అల్లుడా," బేతయ్య గొంతు తగ్గించాడు. "గోడెక్కమంటే ఎక్కుతా. పులితో కలబడమంటే కలబడతా. వాడి ఉప్పు నోట్లో వేసుకుని ఒట్టు పెట్టాలంటే మాత్రం నావల్ల కావట్లేదు."

"వేసుకో. ఊసెయ్. దానికింత ఆలోచనేంది మామా?"

"నీకు అంతే." బేతయ్య ముఖం తిప్పుకున్నాడు. ఆయన ఊళ్ళో ఉప్పు తిన్న ఇంటి కుక్కని కూడా రాయెత్తి కొట్టరు.

ముందున్న బక్కపలచటి మనిషి వెనక్కి తిరిగాడు. "లోపల ఒక కుండ ఉంటదంట. పసిబిడ్డ ఏడ్చినట్టు ఏడుస్తదంట. అంతా మాయేనంట. జాలిపడి మూత తీసినోడు చచ్చాడే అనుకో."

"నీకెవరు చెప్పారు?" అన్నాడు మాచన.

"అందరూ అంటన్నారు."

అందరికీ ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు. మనిషికి అక్కరకొచ్చే అబద్ధమైతే పుట్టుపూర్వోత్తరాలు అడగడు. నెత్తిన పెట్టుకుంటాడు.

బక్కపలచటి మనిషి లోపలికి పోయాడు. కాసేపటికి అతన్ని కాళ్ళు పట్టి ఈడ్చుకొచ్చారు. గొంతులో బాణం. వెనక ఒకడు గుడ్డ కప్పిన కుండ మోసుకుంటూ గబగబా పోయాడు.

"మాయని తెలిసి కూడా తీశాడే," అన్నాడు బేతయ్య. "పిచ్చి నాయన."

మాచన వంతు వచ్చింది.

ఆ గది గోడలు అద్దాలు. నేల పాలరాయి. నడుమ దంతపు పీఠం మీద ఉగ్రశల్యుడు. చేపపొలుసు మెరుపున్న పట్టు అంగీ, వేలివేలికీ పాముకోర ఉంగరం, ముసలితనం తెలియని ముఖం. ఆ ముఖంలో కోపం లేదు. కోపమున్నవాడితో ఎలాగో వేగొచ్చు. వాడు పశువుల సంతలో ఎద్దు పళ్ళు చూసేవాడిలా మాచనను చూశాడు. ఎదురుగా పెద్ద మట్టికుండ ఉంది. మూత మీద తడిమట్టి మెత్తారు.

"నేను తిరిగి వచ్చేవరకు ఈ మూత తీయనని మాట ఇవ్వు."

"ఇచ్చాను."

వాడు వెళ్ళిపోయాడు. కుండ ఏడ్చింది.

ముందు నిద్రలేచిన బిడ్డ మారాం చేసినట్టు ఏడ్చింది. తర్వాత ఆకలేడుపు. ఆ తర్వాత వచ్చిన ఏడుపుకి పేరు లేదు. మాచన చెయ్యి తనంతట తానే మూతమీదికి పోయింది. గోడకున్న జాలీ వెనక వింటినారి కిర్రుమంది. మాయ, మాయ అనుకున్నాడు. అక్క ముఖం తలచుకున్నాడు. చెయ్యి వెనక్కి లాక్కుని, ఒళ్ళో పెట్టుకుని, దానిమీద రెండో చెయ్యి అదిమాడు. ఏడుపు సన్నబడింది. ఎక్కిళ్ళయింది. ఆగిపోయింది.

ఉగ్రశల్యుడు తిరిగివచ్చి, "నా మంత్రానికి గొంతు బాగుంటుంది కదూ?" అని నవ్వాడు. మాచన ఒంట్లో బిగుసుకున్న నరాలన్నీ వదులయ్యాయి. మంత్రమే. ఊరికే మంత్రం.

మరో గదిలోంచి బేతయ్య కూడా నెగ్గి వచ్చాడు. కింది పెదవి కొరుక్కుని నెత్తురు చేసుకున్నాడు.

"ప్రాణం పోయి వచ్చిందిరా," అన్నాడు అల్లుడి చెవిలో. "నిజం బిడ్డయితే మాటా లేదు గీటా లేదు, బాణం దిగినా తీసుండేవాణ్ణి."

ఇద్దర్నీ ఉప్పుపళ్ళెం ముందు నిలబెట్టారు.

"దొంగల్ని కావలి పెట్టుకున్న రాజులు దొంగల చేతుల్లోనే పోయారు," అన్నాడు ఉగ్రశల్యుడు తీరిగ్గా. "అబద్ధీకుడు నాకు వద్దు. తాగుబోతు వద్దు. ఇచ్చిన మాటకి కట్టుబడి, గుండె పగులుతున్నా చెయ్యి కదపని మంచివాళ్ళు కావాలి నాకు. అలాంటివాళ్ళని కాపలా పెట్టి నేను హాయిగా నిద్రపోతాను. తినండి."

చెడ్డవాడు ఒంటరిగా ఏ కోటా కట్టలేడు. వాడికి చేతులు కావాలి. ఆ చేతులు మంచివాళ్ళవి అయితే కోట వెయ్యేళ్ళుంటుంది. నీతులు చెప్పే పెద్దలు ఈ ముక్క చెప్పరు.

మాచన ఉప్పు నాలుక కింద దాచి, గుమ్మం దాటగానే ఊసేశాడు. అది తన కయ్యల ఉప్పే. చివర్న చిరుచేదు. బేతయ్య కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నాడు. "నాకప్పగించిన వాకిలి నా ప్రాణంతో కాస్తాను" అని ఒట్టు పెట్టాడు. ఆయన గొంతుముడి కిందికి దిగడం మాచన చూశాడు. అది ఉమ్మి అనుకున్నాడు.

బేతయ్యను నడిమడుగులో ఉన్న చెరకొండ వాకిటికి పంపారు. మాచనకి పడమటి ప్రాకారం మీద కావలి. మంచిదే అయిందనుకున్నాడు మాచన. తాళంచెవి మామ దగ్గరే ఉంది.

ప్రాకారం నుంచి చెరకొండకి మాచనకి చిక్కే దారి ఒకటే, గాలిలో వేలాడే ఇనుపగొలుసు. కింద సలసల కాగే నీళ్ళు. పైన ఆ గొలుసుని కాసే ఇనుపముక్కు గద్ద. ఏనుగు చెవులంత రెక్కలు, కాగడాల్లా రగిలే కళ్ళు, రాతిని బెల్లపచ్చులా పెళ్ళగించే గోళ్ళు. కావలి మారే సందడిలో మాచన గొలుసు పట్టుకుని పాకాడు. సగం దారిలో గద్ద విరుచుకుపడింది. మొదటి దెబ్బకి గడ్డం ఊడి దాని ముక్కులో చిక్కింది. మైనం ముక్కుకి అంటుకుని అది తల విదిలిస్తుంటే, మాచన కాళ్ళతో గొలుసుని పెనవేసి, తలకిందులుగా వేలాడుతూ, భుజాన ఉన్న గొంగడి విప్పి దాని తలమీద కప్పాడు. గద్ద గుడ్డిగా రెక్కలు కొట్టి గొలుసులోనే చిక్కుకుంది. కత్తితో ఒక్క పోటు. పిట్ట మడుగులో పడింది. పైకి లేచిన వేడినీళ్ళు మాచన వీపుని ఒలిచాయి. పళ్ళు బిగబట్టి అవతలి రాతి మీదికి దూకాడు.

చెరవాకిలి ముందు బేతయ్య కత్తి దూసి నిలబడి ఉన్నాడు.

"మామా, నేనే. తాళం తియ్."

బేతయ్య కదలలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. వాటిని తుడుచుకోవడం లేదు.

"వెనక్కి పో అల్లుడా."

"ఏంది?"

"మింగాను."

మాచనకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో చచ్చిపోయింది.

"లోపల ఉన్నది నీ అక్క కూతురు మామా. పొద్దు వాలిపోతంది."

"తెలుసు. నా చేతుల్లో ఆడిన బిడ్డ."

"ఆ ఉప్పు పండించింది ఆమే. అమ్మ ఆ కయ్యల్లోనే కాళ్ళు పుళ్ళుపడి పోయింది. అది వాడి ఉప్పెట్టయింది?"

"పండించింది ఎవరైనా, నా నోట్లో పెట్టింది వాడు." బేతయ్య గొంతు వణికింది. కత్తి వణకలేదు. "నటిద్దామనే అనుకున్నాను నాయనా. నాలుక మీద పడ్డాక నాకు నటన చేతకాలేదు. పుట్టినకాణ్ణించి ఒకటే మాట మీద బతికాను. ఇప్పుడు అది తీసేస్తే నాలో ఇంకేం మిగలదు."

మాట నిలుపుకోవడం గొప్ప గుణమే. ఎవడికిచ్చాను, ఎందుకిచ్చాను అని ఒక్కసారి కూడా అడగని గుణం గాడిద వీపు లాంటిది. ఎవడు మూట వేస్తే వాడిదే అవుతుంది.

మాచన కలబడ్డాడు. ఫలితం ఎవరైనా చెప్పగలరు. రెండు విసుర్లలో కత్తి ఎగిరి బండమీద పడింది, మాచన వెల్లకిలా పడ్డాడు. బేతయ్య మొన అతని గొంతు మీద ఆగింది. చంపడు. పోనివ్వడు. పడమటి ఆకాశం పండిన మిరపకాయ రంగుకి తిరిగింది.

మాచన పడుకునే చేతులు జోడించాడు.

"సరే మామా. నువ్వన్నదే ధర్మం. పోతాను. అక్క తలమీద ఆన, వెనక్కి తిరిగి గొలుసు ఎక్కి పోతాను."

బేతయ్య ముఖం విచ్చుకుంది. అబద్ధమాడనివాడికి ఎదుటివాడి అబద్ధం కనిపించదు. అదే వాడి గుడ్డితనం. కత్తి ఒరలో పెట్టి, అల్లుణ్ణి చెయ్యిచ్చి లేపాడు. "నువ్వురా మా అక్క కొడుకువి," అని, కళ్ళు తుడుచుకోవడానికి పక్కకి తిరిగాడు.

మాచన నడుములో దాచిన బాకు బేతయ్య పక్కటెముకల సందున దిగింది.

బేతయ్య మోకాళ్ళ మీద కూలాడు. ముఖంలో కోపం లేదు. లెక్క తప్పిన పిల్లవాడి ముఖం.

"ఆన వేశావు కదరా," అన్నాడు.

అంతే. ఆ మాటతోనే ఆయన ప్రాణం పోయింది.

మాచన తాళంచెవి లాక్కున్నాడు. చేతులు జారుతున్నాయి. రెండుసార్లు కిందపడేసి, మూడోసారికి తలుపు తీశాడు.

లోపల కొండ కడుపంతా తొలిచిన గుహ. గోడలకి ముత్యపుచిప్పలు పొదిగారు. రాణులు జలకాలాడే గది ఒకప్పుడు. ఇప్పుడు ఆ చిప్పల వెలుగులో గొలుసులతో కట్టిన ఆడవాళ్ళు. అందరికంటే ముందు సూరమ. ఎండకి మాడిన ముఖం, ఉప్పుకి పగిలి తెల్లబడ్డ పాదాలు.

"మామ గొంతు వినబడింది," అంది.

మాచన ఆమె గొలుసు విప్పసాగాడు.

"మామ ఏడిరా?"

"దారి వదల్లేదక్కా. ఉప్పు మింగాడు. నీ మీద దొంగ ఆన పెట్టి..." బాకు ఇంకా చేతిలోనే ఉంది. ఆమె దాన్ని చూసింది. చెయ్యి ఎత్తింది కొట్టడానికి. ఎత్తిన చెయ్యి అలాగే దించేసింది.

పక్కనున్న పడుచు తన గొలుసు విప్పమని అడగలేదు. పేరు ఏచమ. రవిక ముందంతా తడిసి ఉంది. పాలు.

"ఈమె బిడ్డ ఏది?" అన్నాడు మాచన, ఏదో ఒకటి అనాలి కనక.

"పొద్దున తీసుకుపోయారు, ఇంకో తల్లి బిడ్డతో పాటు," అంది సూరమ. "కొత్త కావలివాళ్ళ పరీక్షకి. కుండలో పెట్టడానికి."

మాచన చేతిలో గొలుసు ఆగిపోయింది.

"అది మంత్రం. వాడే చెప్పాడు."

"వాడికి చాలా మంత్రాలు వచ్చు. పసిబిడ్డ ఏడుపు తెప్పించే మంత్రం రాదు. అందుకే ఈ తల్లుల్ని మేపుతున్నాడు. ఇక్కడున్న ఆడవాళ్ళలో ఎవర్నైనా అడుగు."

అతను అడగలేదు. ఆడవాళ్ళ ముఖాలు చూశాడు. ఏచమ ముఖం చూడలేకపోయాడు. పొద్దున పరీక్ష నెగ్గినవాళ్ళు ఇద్దరే. ఒకడు వాకిట పడి ఉన్నాడు. నిజం బిడ్డయితే మాటా లేదు గీటా లేదు అన్నవాడు. తలుపు సందులోంచి ఈ ఒక్క ముక్క ఆయన చెవిన పడి ఉంటే, ఈపాటికి ఆయన కత్తి ఉగ్రశల్యుడి మేడమెట్ల మీద ఉండేది. మాచన అబద్ధం దగ్గరిదారి అనుకున్నాడు. దగ్గరిదే. అది తప్పు ఊరికి పోయింది.

"ఏడవడానికి తర్వాత చోటు చూసుకో," అంది సూరమ. "నడు."

అందరి గొలుసులూ విప్పారు. ఇంతమంది బయటి గొలుసు మీద పాకలేరు. గుహ వెనక తలారులు వచ్చే సొరంగం ఉంది. మలుపు మీద మలుపు తిరిగి, మడుగు కింద నుంచి కోట లోపలికి తేలుతుంది. దాని చివర ఇనుపకటకటాలు, కటకటాల అవతల రంకన. ఎత్తరి, తెల్లమీసం, మోకాళ్ళదాకా వేలాడే చేతులు. ఆ పొద్దున బేతయ్యతో కలిసి అంబలి తాగినవాడు.

మాచన నెత్తురు చేతులు పంచెకి తుడుచుకుని ముందుకు అడుగేశాడు. "చెరవాకిలి నాయకుడు పంపాడని చెబుతా. నమ్ముతాడు. వీళ్ళంతా నమ్మేవాళ్ళే."

సూరమ అతని మెడపట్టి గోడకి నొక్కింది. "ఇంకొక్క అబద్ధం ఆడావంటే ఈ గొలుసుతో నేనే చంపుతా నిన్ను. గమ్మునుండు."

ఆమె ఏచమను ముందుకి తీసుకుపోయింది.

"ఆగండి," అన్నాడు రంకన కటకటాల అవతల నుంచి, ఈటె ఎత్తి. "తలారులు రాకుండా చెర నుంచి ఎవర్నీ రానివ్వనని ఒట్టు నాది."

"ఒట్టు సంగతి తర్వాత అన్నా," అంది సూరమ. "ఈమెని చూడు."

ఏచమ కటకటాల దగ్గరికి జరిగింది. తడిసిన రవికతో అతనికి ఎదురుగా నిలబడింది, చాలు. సూరమ చెప్పింది. మెత్తగా చెప్పలేదు. కుండలో ఏం పెడతారో, మూత చుట్టూ తడిమట్టి ఎందుకు మెత్తుతారో, పరీక్ష అయ్యాక గుడ్డ కప్పి ఎక్కడికి మోసుకుపోతారో చెప్పింది.

"అది మాయ," అన్నాడు రంకన. ఈటె మొన కిందికి దిగింది. "వాడు చెప్పాడు, మాయని. నేను విన్నాను కదా, మాయ కాకపోతే నేను..." ఆగాడు. ఏచమ రవిక వైపు మళ్ళీ చూశాడు. అప్పుడు అడిగాడు, "నేను చేరింది మామిళ్ళు పూతకొచ్చినప్పుడు. అప్పుడెవరి బిడ్డ?"

వెనక నుంచి జుట్టు నెరవని ముసలమ్మలాంటి మనిషొకతె లేచి వచ్చింది.

"ఆడపిల్లా, మగపిల్లాడా?" అన్నాడు రంకన.

"ఆడపిల్ల. పేరు పెట్టలేదు ఇంకా."

రంకన నడుము నుంచి తాళంచెవి తీశాడు. తలుపు తెరిచాడు. ఈటె గోడకి ఆనించి, కత్తి దూశాడు. పైనెక్కడో తలారుల శంఖం మోగింది. సూరమను తీసుకుపోవడానికి దిగుతున్నారు. మెట్ల మీద కాళ్ళ చప్పుడు.

"వస్తే రానీ," అన్నాడు రంకన. "ముందు ఆ దంతపుపీఠం. ఇవాళ చేరాడు చూడండి ఎర్రగడ్డపాయన, తన అసలు పేరు బేతయ్యని అంబలి దగ్గర చెప్పాడు, ఆయనా కుండ దగ్గర కూర్చున్నవాడే. అంబలి గొంతు దిగలేదు పాపం ఆయనకి. ఈ సంగతి చెప్పాలి. ఆయన ఒక్కడు తోడుంటే ఈ మెట్ల మీద ఎంతమంది వచ్చినా లెక్కలేదు. ఏడీ బేతయ్య?"

ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. రంకన చూపు ఒక్కొక్కళ్ళ మీదుగా జరిగి మాచన పంచె మీది నెత్తురు దగ్గర నిలిచింది.

మాచన నాలుక మీద అబద్ధం సిద్ధంగా ఉంది. మంచి అబద్ధం. తలారులు చంపారంటే చాలు, ఈ మనిషి నమ్ముతాడు, రెట్టింపు కోపంతో మెట్లెక్కుతాడు, అక్క గట్టెక్కుతుంది. కాళ్ళ చప్పుడు పై మలుపు దాకా వచ్చింది. మాచన అక్క వైపు చూశాడు. ఆమె అతని నోటి వంకే చూస్తోంది.

"నేనే చంపాను," అన్నాడు. "దొంగ ఆన పెట్టి, పక్కకి తిరిగినప్పుడు పొడిచాను."

రంకన కత్తి లేచింది.

సూరమ అడ్డం రాలేదు.